నవ్వకూడని ఉద్యోగం

బోరుబండి మొదలైంది. ఆ పేరు కమలకుమారి పెట్టింది కాదు, అద్దానికి అవతల పొడుగాటి సొరంగంలో వెల్లకిలా పడుకున్న ఏడేళ్ళ సిరి పెట్టింది. ఎమ్మారై యంత్రం చేసే ఒక్కో చప్పుడుకీ ఆ పిల్ల దగ్గర ఒక్కో పేరుంది. గడగడమని నేలని తవ్వినట్టు మోగేది బోరుబండి, టిక్కుటిక్కుమని సణిగేది కుట్టుమిషను, కాసేపు కొట్టి ఆగి మళ్ళీ అందుకునేది నాయిన మిషను, ఎందుకంటే వాళ్ళ నాయిన దుర్గేష్ నాచారం ఫ్యాక్టరీలో సబ్బులకి కాగితం చుట్టే మిషను మీద ఉంటాడు, అదీ అలాగే ఆగి ఆగి కొడుతుందట. ఇరవయ్యేళ్ళు దాటిన సర్వీసులో కమలకుమారికి ఈ చప్పుళ్ళకి పేర్లు పెట్టుకోవచ్చని ఒక్కసారీ తట్టలేదు. తట్టి ఉంటే పొద్దు కొంచెం తొందరగా పోయేదేమో. చల్లటి గది, మూసిన తలుపు, ముందు రెండు తెరలు, ఉప్పల్ రోడ్డు మీద హనుమకొండ బస్సుల హారన్లు కూడా చొరబడని గోడలు. బయట ఎండ కాస్తోందో ముసురు పట్టిందో వచ్చేవాళ్ళ బట్టలు చూసి తెలుసుకోవాలి. ఈ పొద్దున వచ్చినవాళ్ళ బట్టలు పొడిగానే ఉన్నాయి. సిరి నాయనమ్మ ఉప్పలమ్మ కొంగుకి మాత్రం తంగేడు పూల పసుపు అంటుకుని ఉంది, బతుకమ్మ రోజులు కదా. పూలు ఈ ఊళ్ళో ఎక్కడ దొరికాయమ్మా అని అడగాలనిపించింది కమలకుమారికి. ఉప్పలమ్మ అప్పటికే వంగి పిల్ల కాళ్ళ పట్టీలు విప్పుతోంది. అడగలేదు.

ఈ గంటలో తేలాల్సింది ఒక్కటే. సిరి తలలో ఉన్న గడ్డ పెరుగుతోందా, చస్తోందా. చిన్నమెదడు దగ్గర పుట్టినదాన్ని నిరుడు సర్జన్లు తీయగలిగినంత తీశారు. ఊపిరినీ మింగుడునీ నడిపే చోటికి ఆనుకున్న ముక్కని కత్తితో ముట్టుకోలేక వదిలేశారు, దానికి రేడియేషన్ పెట్టించారు. అంతా అయ్యాక, ఆషాఢంలో, ఇదే బల్ల మీద ఇదే కమలకుమారి తీసిన బొమ్మలో ఆ ముక్క పెద్దదై కనిపించింది. ఎంత పెద్దది అని అడిగిందట ఉప్పలమ్మ పిల్లల క్యాన్సర్ డాక్టరుగారిని. ఆయన మిల్లీమీటర్లు చెప్పాడు. అవి నాకెర్క లేవు సారూ, ఏ గింజంతనో చెప్పున్రి అందట. ఆయన, ఆపరేషనప్పుడు మిగిలింది కందిగింజంత, ఇప్పుడు కనిపిస్తున్నది చింతగింజంత అన్నాడట. ఇదంతా రిసెప్షన్‌లో కూర్చునే దీప చెవిన వేసింది, దీప చెవిలో పడనిదంటూ ఈ సెంటర్లో ఉండదు. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. రేడియేషన్ దెబ్బ తిన్న గడ్డ చచ్చేముందు వాచిపోవచ్చు, ఆ వాపు బొమ్మలో అచ్చం పెరుగుదలలాగే కనిపిస్తుంది, ఒక్క బొమ్మ చూసి ఏది ఏదో చెప్పలేం, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాడు. తగ్గితే దేవుడు మేలు చేసినట్టే. ఇంకా పెరిగితే మళ్ళీ కొయ్యాలి, ఆ చోట మళ్ళీ కోస్తే పిల్ల నడక పోతుందో, మాట పోతుందో, మింగడమే పోతుందో చెప్పలేం. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆగారు. ఆగడమంటే ఏమిటో ఆగేవాళ్ళకే తెలుస్తుంది.

తెర మీద పాత బొమ్మ తెరిచి పెట్టుకుంది కమలకుమారి. ఇది కొందరు చెయ్యరు. యంత్రం తనంతట తనే కోణం చూసుకుంటుందిలే అని మీట నొక్కేస్తారు. కానీ తల ఒక్క పిసరు అటో ఇటో వాలితే కోత మారుతుంది, దోసకాయని నిలువుగా కోసినదానికీ అడ్డంగా కోసినదానికీ ఉన్నంత తేడా వస్తుంది, అదే గడ్డ ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా కనిపిస్తుంది. అందుకని పిల్లని పడుకోబెట్టేటప్పుడే గడ్డం కింద దూది మెత్త పాత లెక్కకే పెట్టింది, కనుబొమల మధ్య ఎర్ర గీత నిలిపింది, పాత బొమ్మలో గీసిన గీతల మీదే కొత్త గీతలు పడేలా సరిచూసింది. అలా సరిచూస్తున్నప్పుడే, ఇంకొంచెం వాలిస్తే చిన్నగా కనిపిస్తుంది కదా అన్న పాడు ఆలోచన ఒకటి ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది. ఛీ అనుకుంది. గింజని చిన్నగా చూపించుకుంటే లోపలున్న గింజ చిన్నదైపోతుందా. ఆ మాట తనకి తెలియక కాదు, అయినా ఆశ సంగతి అంతే, సిగ్గుండదు దానికి. గీతని పాత గీత మీదే పెట్టి మీట నొక్కింది.

ఆషాఢంలో జరిగింది తలుచుకోకూడదనుకుంటుంది, బోరుబండి గడగడలో అదే తలపుకొస్తుంది. అంతకుముందు సిరికి ప్రతిసారీ మత్తు ఇచ్చాకే బొమ్మ తీసేవారు. ఆ రోజు మొదటిసారి మత్తు లేకుండా పడుకుంది. ఇంట్లో మంచం కింద పడుకోబెట్టి, పైనుంచి దుర్గేష్ స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయిస్తుంటే కదలకుండా ఉండటం నేర్పారట, వాడకట్టంతా వచ్చి ఇదేం పూజ అని అడిగిందట. పిల్ల మొదటినుంచి చివరిదాకా కనురెప్ప తప్ప ఏదీ కదపలేదు. పెద్దవాళ్ళే తీయండి తీయండి అని కాళ్ళు కొట్టుకునే ఆ గొట్టంలో, ఇంత పిల్ల, శిల్పంలా పడుకుంది. కమలకుమారికి ముచ్చటేసింది. ముచ్చటంటే మామూలు ముచ్చట కాదు, కన్నతల్లికి బడిలో బహుమతి తెచ్చుకున్న పిల్లని చూస్తే వేసేంత. తెర మీద ఏముందో అప్పటికి ఆమె సరిగ్గా చూడను కూడా లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు తీసుకుని బయటికొచ్చింది, ఎదురుగా దుర్గేష్, ఉప్పలమ్మ గుండెలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు, కమలకుమారి వాళ్ళని చూసి నవ్వింది. పళ్ళు కనిపించేలా, కళ్ళు చికిలించి, నోరారా నవ్వింది.

అంతే. ఆ నవ్వు వాళ్ళకి రిపోర్టు. అది శనివారం, రిపోర్టు రావడం సోమవారం. ఆదివారం మల్లాపూర్‌లో వాళ్ళ గల్లీలో బోనం ఎత్తారు, మేకపోతుని కోశారు, అంబర్‌పేట నుంచీ జనగామ నుంచీ చుట్టాలందరినీ పిలిచారు, దుర్గేష్ ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తానికి మిఠాయి పంచాడు, మిషనమ్మ నవ్విందిరా, నా బిడ్డకు తక్కువైంది అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడట. సోమవారం చింతగింజ సంగతి తెలిసింది. మంగళవారం ఉప్పలమ్మ ఒక్కతే షేర్ ఆటోలో వచ్చింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది. ఈ తలుపు దగ్గరే నిలబడి మెల్లగా అడిగింది.

"ఎందుకు నవ్వినవ్ బిడ్డా?"

కమలకుమారి నోరు తెరిచింది. పిల్ల కదలకుండా పడుకుందమ్మా, ముచ్చటేసి నవ్వాను అని చెప్పాలి. ఒక్క ముక్క. గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఇరవయ్యేళ్ళుగా ఈ తలుపు దగ్గర ఎవరు ఏది అడిగినా ఒకటే మాట పలికే నోరు, దాని పాటికి అది పలికేసింది, "డాక్టరుగారు చెబుతారమ్మా." ఎందుకు నవ్వావు అంటే డాక్టరుగారు చెబుతారట! ఉప్పలమ్మ ఆమెని ఎగాదిగా చూసి, మంచిది బిడ్డా అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి కమలకుమారికి అన్నం సయించలేదు. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో మాట్లాడేది కుక్కరొక్కటే, అదీ నాలుగు కూతలు కూసి ఊరుకుంటుంది.

చప్పుడు ఆగింది. ఆగితే గది మరీ బోసిగా ఉంటుంది. కమలకుమారి మైకు మీట నొక్కింది.

"సిరీ, బాగున్నావా?"

"ఆఁ. గిప్పుడు ఏది వస్తది ఆంటీ?"

"కుట్టుమిషను."

"మంచిదే. అది జర నెమ్మదిగ ఉంటది. ఆంటీ, ముక్కు మీద దురద వెడుతుంది."

"గోకొద్దు తల్లీ. చెయ్యి కదిపావంటే మళ్ళీ మొదటినుంచి."

"నాకెర్కనే. నీ ముక్కు గోక్కో మరి. నాకు పోతది."

కమలకుమారి చుట్టూ చూసింది, ఎవరూ లేరని తెలిసి కూడా. తన ముక్కుని చూపుడువేలితో బాగా, అటూ ఇటూ, శ్రద్ధగా గోక్కుంది. పోయిందా అని అడిగింది. పోయింది అంది పిల్ల. కుట్టుమిషను మొదలైంది.

ఆషాఢం ముందు వరకు ఈ మొహం ఎవరికీ ఏమీ చెప్పి ఎరగదు. అది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద దవాఖానాలో శాంతాబాయి అనే సీనియర్ దగ్గర వేశారు. పొట్టి మనిషి, గంపెడు జడ, ఎక్స్‌రే గదిలో జుట్టు నెరిసిన మనిషి. మొదటిరోజే ఆవిడ చెప్పింది పాఠం. "చూడు పిల్లా, లోపల్నుంచి నువ్వు బయటికి వోతే నీ మొకం అందరు చదువుతరు. నువ్వు తుమ్మినా అర్థం తీస్తరు. అందుకే తలుపు తీసే ముందు నోట్లె ఒక లవంగం వెట్టుకో, పంటి కింద నొక్కి వట్టు. లవంగం నొక్కినోళ్ళకు నవ్వు రాదు, ఏడుపు రాదు." ఆ మంట ఎలాంటిదో గానీ నిజంగానే రాదు. కోటు జేబులో లవంగాల డబ్బీ అలా మొదలైంది. కొన్నేళ్ళకి డబ్బీ అవసరం లేకుండా పోయింది, మొహమే లవంగం నేర్చుకుంది. బస్సులో, కూరగాయల బండి దగ్గర, పెళ్ళిళ్ళలో, ఎక్కడైనా అదే మొహం. ఇంత మంది బతుకుల్లో ముందుగా చూసేది తనే, చివరిదాకా చెప్పనిది తనే. ఎంత మందికి ఏమేమి ఉన్నాయో తెలిసి, ఆ మనిషికి మంచినీళ్ళిచ్చి, జాగ్రత్తగా వెళ్ళండి అని పంపించడం. తనకి తెలిసిన సంగతి పక్కవాడికి చెప్పుకోలేకపోవడమే ఒంటరితనమైతే, ఆ లెక్కన కమలకుమారి ఈ గదిలోకి వచ్చిన రోజునుంచీ ఒంటరిదే, ఇల్లు ఖాళీ అవడం తరవాతి సంగతి.

రంజిత్ కూడా ఈ లవంగం కింద నలిగినవాడే. అప్పుడు ఆమెకి ఇరవై ఆరు. ఆమె నాన్న రైల్వే గార్డు, సామర్లకోట నుంచి బదిలీ మీద లాలాగూడ వచ్చినవాడు, తోటి గార్డు చుట్టాలబ్బాయి రంజిత్ ఏఎస్ రావు నగర్ దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరు అంటే పెళ్ళిచూపులకి పిలిచాడు. అబ్బాయి చామనఛాయ, మాట్లాడేటప్పుడు చెవి వెనక గోక్కుంటాడు, కాఫీ ఒలికితే తన జేబురుమాలుతో తనే తుడిచాడు. ఆ తుడవడం చూసి కమలకుమారి మనసు అక్కడికక్కడ కరిగిపోయింది. ఈయన్నే చేసుకుంటాను, ఇంకెవరినీ చూపించకండి అని లోపల ఒకటే గోల. మొహం మాత్రం పొద్దున డ్యూటీలో ఉన్నట్టే ఉంది. మర్నాడు కబురొచ్చింది, అమ్మాయికి ఇష్టం లేనట్టుందండి, మొహం చూస్తేనే తెలిసిపోయింది, బలవంతం చెయ్యకండి పాపం అని. పాపమట! మొన్నామధ్య ఏఎస్ రావు నగర్ బజార్లో కనిపించాడు, బట్టతల వచ్చింది, పెళ్ళాం చిక్కుళ్ళు ఏరుతుంటే సంచీ పట్టుకుని నిలబడ్డాడు, చెవి వెనక గోక్కుంటున్నాడు. పలకరించలేదు. ఏమని పలకరిస్తుంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ, కాస్త ఆలస్యంగా చెబుతున్నాను అనా. ఆ తలపుకి నవ్వొచ్చింది ఇప్పుడు, నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, తెర మసకబారింది, కోటు చేతితో తుడుచుకుంది.

కుట్టుమిషను ఆగింది. ఇప్పుడు మందు ఎక్కించాలి. ముంజేతికి పొద్దునే నర్సు అమర్చిన గొట్టంలోంచి ఆ మందు రక్తంలోకి పోతే, గడ్డ ఉన్న చోట బొమ్మ తెల్లగా వెలుగుతుంది. కమలకుమారి బరువు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. సొరంగం లోంచి రెండు పాదాలు బయటికున్నాయి, గోళ్ళకి గోరింటాకు, ఎడమ పాదం మీద దోమ కుట్టిన మచ్చ. ఆ పాదాన్ని ఒక్క క్షణం పట్టుకుంది. చల్లగా ఉంది. దుప్పటి కిందికి లాగి కప్పింది. ఆంటీ చేతులు సల్లగున్నయి అంది లోపలినుంచి పిల్ల. నీ కాళ్ళే చల్లగున్నాయి అంది కమలకుమారి. మందు పోతున్నప్పుడు చెయ్యి కొంచెం చలిపుడుతుంది, భయపడకు అంది. నేను భయపడ, మా నాయిన భయపడుతడు అంది సిరి, మా నాయినకు చెప్పు భయపడొద్దని. చెబుతాను అంది కమలకుమారి. అలవాటుగా అబద్ధం చెప్పాననుకుంది, తను ఎవరికీ ఏమీ చెప్పే మనిషి కాదు కదా.

తిరిగొచ్చి కూర్చుంది. నాయిన మిషను అందుకుంది, కొట్టి, ఆగి, కొట్టి. ఇది రక్తం ఎక్కడ ఎంత పారుతోందో పట్టే బొమ్మ. బతికి పెరిగే గడ్డ రక్తాన్ని దండిగా లాక్కుంటుంది, అక్కడ తెర మీద ఎర్రగా పడుతుంది. చచ్చి వాచిన చోట రక్తం పారదు, నీలంగా పడుతుంది. కమలకుమారి తెరవైపు చూడకుండా టేబుల్ మీది దుమ్ము తుడిచింది. పెన్ను మూత పెట్టింది, తీసింది. ఎన్ని వేల తలలు చూసింది, ఇలా భయం ఎప్పుడు వేసిందని ఆలోచిస్తే ఒక్కసారే వేసింది, వాళ్ళమ్మ సుబ్బులు ఇక్కడ కడుపు స్కాను తీయించుకున్న రోజు. పై డాక్టరు చూడకముందే తెర మీద తెలిసిపోయింది, దాపరికం ఏమీ లేదు, కాలేయం నిండా మచ్చలు. బయటికొస్తే బెంచీ మీద కూర్చుని అమ్మ చెప్పులు వేసుకుంటోంది. ఏమే, ఏముంది అని అడిగింది తలెత్తకుండా. కమలకుమారి పళ్ళు బిగించి, డాక్టరుగారు చెబుతారమ్మా అంది. అమ్మ అప్పుడు తలెత్తింది. ఆ మొహం కేసి చాలాసేపు చూసింది. "నాకు కూడా ఇదే మొహమా తల్లీ? నేను నీ పేషెంటునా, నిన్ను కన్నదాన్నా?" అంది. తరవాత అమ్మ బతికిన నెలలన్నీ మందులూ గంజీ పక్కగుడ్డలూ గురించే మాట్లాడుకున్నారు, ఆ ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. అమ్మా, ఆ రోజు నాకు నీ ఒళ్ళో పడి ఏడవాలనిపించింది, ఎలాగో తెలియలేదు, అది ఎలా చేస్తారో మర్చిపోయాను అని ఇప్పుడు చెప్పగలదు, వినడానికి ఆవిడ లేదు.

తల తిప్పింది. నీలం.

నీలంగా ఉంది. గింజ ఉండాల్సిన చోట, దాని చుట్టూ, నీలంగానే ఉంది. ఎర్రన అన్నది అంచులో కూడా లేదు. నమ్మకు అనుకుంది. ఈ రంగుల బొమ్మ ఒక్కోసారి మోసం చేస్తుంది, కపాలం ఎముక దగ్గర మరీను. తెల్లగా వెలిగే బొమ్మ రావాలి. ఆఖరి చప్పుడు మొదలైంది, దానికి సిరి ఇంకా పేరు పెట్టలేదు, వినగా వినగా దూరాన చెరుకు రసం మిషను తిరుగుతున్నట్టుంది. బొమ్మలు ఒక్కోటీ, ఒక్కోటీ, మెడ దగ్గరినుంచి పైకి, కోతకోతగా తెర మీదికి వస్తున్నాయి. వెన్ను, దవడ, చెవుల గుహలు, చిన్నమెదడు కాలీఫ్లవర్ పువ్వులా మడతలు మడతలుగా. ఇక్కడే. ఈ కోతలోనే. పోయినసారి బొమ్మ పక్కన కొత్తది వచ్చి నిలబడింది. కమలకుమారి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. పాతదాంట్లో చింతగింజంత తెలుపు. కొత్తదాంట్లో ఆ చోట తెలుపు పలచబడి, అరిగి, చుట్టూ ఉన్న వాపు నీరు లాగేసి, ఎక్కడుందా అని వెతుక్కోవలసినంత. పెసరగింజ అంటే ఎక్కువే. కోణం తప్పు పెట్టానేమో అని గీతలు చూసింది. గీత మీద గీత ఉంది. పై కోత చూసింది, కింది కోత చూసింది, ఎక్కడైనా దాక్కుందేమో అని దొంగని వెతికినట్టు వెతికింది. లేదు. నువ్వెవరివి చెప్పడానికి అని తనని తనే గదమాయించుకుంది, బొమ్మ తీసేదానివి, బొమ్మ చదివేదానివి కాదు, ఆశ చూపిస్తే కంటికి ఏనుగు కూడా పెసరగింజలా కనిపిస్తుంది.

ఫోను మోగింది. పైన రేడియాలజిస్టు శ్యామలాదేవి గది నుంచి. బొమ్మలు ఇక్కడ పడ్డవి పడ్డట్టు అక్కడ ఆవిడ తెర మీదా పడతాయి.

"కమలా, చూస్తున్నావా?"

"చూస్తున్నాను మేడం."

"నేను చూస్తున్నదే నువ్వూ చూస్తున్నావా?"

"నాకు తెలీదు మేడం," అంది కమలకుమారి.

"తగ్గిందమ్మా. ఆషాఢంలో మనం చూసింది గడ్డ పెరగడం కాదు, రేడియేషన్ వాపు. ఆపరేషన్ తరవాతదీ, ఆషాఢంలోదీ, ఇవాళ్టిదీ, మూడు బొమ్మలూ పక్కన పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. నీ కోణం ఇంత సరిగ్గా రాకపోతే ఇంత గట్టిగా చెప్పలేకపోయేదాన్ని. పిల్లల డాక్టరుగారితో ఒక్క మాట మాట్లాడి వాళ్ళని నేనే పైకి పిలుస్తాను. అందాకా ఎవరికీ ఏమీ అనకు. పోయినసారిలా కాకూడదు."

"కాదు మేడం."

ఫోను పెట్టేసి చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. బుగ్గలు నొప్పి పుడుతున్నాయి, నవ్వేనన్నమాట. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికి తెలుసు, ఒకరు పైన ఫోనులో ఉన్నారు, ఇంకొకరు తను. చెప్పాలి, ఎవరికో ఒకరికి చెప్పాలి. ఎవరున్నారు. కాప్రాలో తమ్ముడున్నాడు, ఎవరి పిల్ల అక్కా అంటాడు. దీప ఉంది, దీపకి చెబితే ఉప్పల్ రింగురోడ్డు మీద మైకు పెట్టి చెప్పినట్టే. అద్దం అవతల చెరుకు రసం మిషను ఆగింది. కమలకుమారి లేచింది. మొహాన్ని సర్దుకోబోయింది, చిత్రం, అది మాట వినలేదు. పెదవులు ఇటు లాగితే అటు విచ్చుకుంటున్నాయి. ఇన్నేళ్ళు చెప్పినట్టు విన్న మొహం ఇవాళ ఎదురు తిరిగింది. కాసేపు లోపలే ఉండి చల్లబడ్డాక పోదామనుకుంది, కానీ బల్ల మీద పిల్ల, ఆంటీ అయిపోయిందా, నాకు చలి పెడుతుంది అని పిలుస్తోంది.

బల్ల బయటికి లాగి, తల కదలకుండా బిగించిన పంజరంలాంటి చట్రం తీసి, లేపి కూర్చోబెట్టింది. సిరి ముందుగా ముక్కు గోక్కుంది, రెండు చేతులతో, అప్పు తీర్చుకున్నట్టు. "ఆఖరుది రోడ్డు రోలరు," అంది. చెరుకు రసం అనుకున్నానే నేను అంది కమలకుమారి. కాదు, రోడ్డు రోలరే అంది పిల్ల ఖరాఖండిగా. కిందికి దిగి ఆమె వేలు పట్టుకుంది. కమలకుమారి తలుపు తీసింది. తీస్తూ తీస్తూ మనసులో అనుకుంది, చూడనీ, ఏమైతే అది కానీ, ఇవాళ చూస్తే తప్పు లేదు, ఇవాళ ఈ నవ్వు నిజం.

హాల్లో వాళ్ళిద్దరే ఉన్నారు. ఉప్పలమ్మ బెంచీ మీద కూర్చుని కొంగు తల మీదినుంచి గడ్డం దాకా లాక్కుని ఉంది, ముసుగులో ముక్కు ఆకారం తప్ప ఏమీ కనిపించడం లేదు. దుర్గేష్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నుదురు గోడకి ఆనించి, చేతులు రెండూ జేబుల్లో, ఆరడుగుల మనిషి బడిలో మాస్టారు నిలబెట్టిన పిల్లాడిలా. తలుపు చప్పుడుకి అతని వీపు బిగుసుకుంది, తిరగలేదు.

"పిల్లను గిట్ల తోలు బిడ్డా," అంది ఉప్పలమ్మ ముసుగులోంచి. "మేం నీ దిక్కు సూడం. తప్పు వట్టకు. పోయినపారి నీ మొకం సూసి యాటను కోసినం, మల్ల గదే ఇంట్ల కూసోని ఎడ్సినం. నీదేం తప్పు లేదు, ఆశవడ్డది మేము. గీపారి పైన డాక్టరమ్మ నోటికెల్లి ఇన్నంకనే తలకాయ లేపుతం. నా కొడుక్కు సుత ఒట్టు వెట్టిన, సూడొద్దని."

సిరి వేలు వదిలి పరుగెత్తింది, ముసుగు ఎత్తి అందులో దూరింది, ముసుగు మళ్ళీ కిందికి పడింది. కమలకుమారి తలుపు దగ్గరే ఆగిపోయింది. రెండు అడుగులు వేసి ఆ గోడకీ దుర్గేష్‌కీ మధ్య దూరితే చాలు. అమ్మా ఒక్కసారి కొంగు తీయి అంటే చాలు. వాళ్ళు ఒట్టు పెట్టుకున్నది ఈ మొహం మీద, తను దాన్ని ఎలా తెంపుతుంది. పైనుంచి పిలుస్తారు, కూర్చోండి అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది, పొడిగా, మెత్తగా, ఏమీ లేకుండా. దుర్గేష్ గోడకేసే తల ఊపాడు.

దీప టేబుల్ మీద ఫోను మోగింది, సిరి వాళ్ళు పైకి రావాలంట అని కేకేసింది. దుర్గేష్ తిరిగాడు, కళ్ళు నేల మీదే పెట్టుకుని. తల్లి చెయ్యి పట్టుకున్నాడు, పిల్లని చంకనెత్తుకున్నాడు, ముగ్గురూ కమలకుమారి పక్కనుంచే మెట్లవైపు నడిచారు, ఆమె చెప్పుల దగ్గర వాళ్ళ చూపులు ఒక్క క్షణం ఆగి పక్కకి జరిగిపోయాయి. ఆమె తల దించుకోలేదు. మెట్లెక్కుతున్న ఆ వీపులకేసి చూస్తూ, పళ్ళు కనిపించేలా, కళ్ళు నిండేలా, తనివితీరా నవ్వుతూ నిలబడింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.